గండుపిల్లికి ఆపరేషన్ చేయిస్తే చాలదా?

"పిల్లులు విపరీతంగా పెరిగిపోతున్నాయండీ. పిల్లలు పుట్టకుండా చేయాలంటే ఆడపిల్లికైతే కడుపు కోయాలి. గండుపిల్లికి చిన్న ఆపరేషన్. పైగా గండుపిల్లులు రెండో మూడో ఉంటాయి. వాటికి చేయించేస్తే సరిపోదా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

సరిపోదు. పది గండుపిల్లుల్లో తొమ్మిదింటికి ఆపరేషన్ అయిపోయినా, చుట్టుపక్కల ఆడపిల్లులన్నీ చూడి కట్టడానికి మిగిలిన ఆ ఒక్కటీ చాలు. దాన్నీ పట్టుకుంటే, ఎదకొచ్చిన ఆడపిల్లి అరుపు విని ఎక్కడి నుంచో ఇంకోటి దిగుతుంది. ఎన్ని పిల్లలు పుడతాయన్నది ఆడపిల్లులు ఎన్ని ఉన్నాయన్న దాన్నిబట్టే ఉంటుంది. ఒక ఆడపిల్లికి ఆపరేషన్ చేస్తే, అది పెట్టబోయే పిల్లలన్నీ లెక్కలోంచి పోతాయి. మగపిల్లి విషయంలో ఆ తీసివేత జరగదు.

జవాబు ఇక్కడితో అయిపోయింది. కానీ ఆడపిల్లి అండాశయం పనిచేసే తీరు గురించి చెప్పకుండా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. పిల్లులు ఇంతలా ఎందుకు పెరుగుతాయో, వాటిని ఆపడానికి చేసే ప్రయత్నాల్లో కొన్ని ఎందుకు పనిచేస్తాయో, కొన్ని ఎందుకు బెడిసికొడతాయో చాలావరకు అందులోనే ఉంది.

మనుషుల్లో అండం విడుదల క్యాలెండర్ ప్రకారం జరిగే పని. ఆవులోనూ, కుక్కలోనూ అంతే. మగతోడు ఉన్నా లేకపోయినా సమయం కాగానే అండం బయటికొస్తుంది. అది టైమ్ టేబుల్ బస్సు. ఖాళీగానైనా బయల్దేరుతుంది. పిల్లిది షేర్ ఆటో. ఇంజన్ ఆన్‌లోనే ఉంటుంది గానీ మనుషులు నిండితే తప్ప బండి కదలదు. ఎదకొచ్చిన ఆడపిల్లి అండాశయంలో అండాలు పక్వానికొచ్చి అలా ఎదురుచూస్తూ ఉంటాయి. చాలావరకు మగపిల్లితో కలిస్తేనే, అదీ తగినన్నిసార్లు కలిస్తేనే విడుదలవుతాయి. బడి పుస్తకాల్లో 28 రోజుల చక్రం బొమ్మ ఒకటి వేసి, పాలిచ్చే జంతువులన్నీ ఇంతేనన్నట్టు వదిలేస్తారు. కుందేలు, ఒంటె, పిల్లి ఇవన్నీ ఆ బొమ్మకు బయటే ఉన్నాయని ఒక్క వాక్యం రాస్తే పిల్లలు ఎంత ఆసక్తిగా చదువుతారో!

ఈ తంతు దగ్గర్నుంచి చూసినవాళ్ళు పోట్లాట అనుకుంటారు. ఆడపిల్లి ముందు కాళ్ళు నేలకానించి, నడుము పైకెత్తి, తోక ఒక పక్కకు తిప్పుతుంది. గండుపిల్లి దాని మెడ వెనక చర్మాన్ని పళ్ళతో పట్టుకుంటుంది. కలయిక కొన్ని సెకన్లే. అంతలోనే ఆడపిల్లి కెవ్వున అరిచి, వెనక్కి తిరిగి పంజా విసురుతుంది. తర్వాత నేల మీద దొర్లుతుంది, ఒళ్ళు నాక్కుంటుంది. కాసేపు గండుపిల్లిని దగ్గరికి రానివ్వదు. ఆ తర్వాత మళ్ళీ అదే పిలుస్తుంది.

ఆ అరుపు వెనక గండుపిల్లి అంగం మీది ముళ్ళున్నాయి. కంటికి కనపడీ కనపడనంత చిన్నవి, వందకు పైగా, వెనక్కి తిరిగి ఉంటాయి. కలయికలో కలిగే ఈ ప్రేరణ నరాల ద్వారా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడులోని హైపోథాలమస్‌కు చేరుతుంది. అది జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది. దాంతో పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్‌ను రక్తంలోకి పంపుతుంది. ఎల్‌హెచ్ ఒక స్థాయి దాటితేనే అండాలు విడుదలవుతాయి. ఒక్కసారి కలిస్తే సుమారు సగం పిల్లుల్లోనే ఆ స్థాయి అందుతుంది. కొద్ది గంటల్లో నాలుగైదు సార్లు కలిస్తే దాదాపు అన్నిటిలోనూ అందుతుంది. ఆటోలో ఒక్కరెక్కితే కదలొచ్చు, కదలకపోవచ్చు. నలుగురెక్కాక ఆగదు.

ఎల్‌హెచ్ పెరిగాక అండాలు బయటికి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోగా ఆడపిల్లి వేరే గండుపిల్లులతోనూ కలుస్తుంది. వాటి వీర్యకణాలన్నీ లోపల కాచుకుని ఉంటాయి. అందుకే ఒకే కాన్పులో పుట్టిన కూనలకు వేర్వేరు తండ్రులు ఉండటం పిల్లుల్లో మామూలే.

ఈ ఏర్పాటు వల్ల వృథా అన్నది చాలా తక్కువ. అండం వచ్చినప్పుడు మగతోడు ఉందా లేదా అన్న సమస్యే లేదు. తోడు దొరికాకే అండం వస్తుంది. దొరక్కపోతే ఎద వారం రోజులుండి తగ్గి, రెండు మూడు వారాల్లో మళ్ళీ వస్తుంది. పగటివేళ ఎక్కువగా ఉండే కాలమంతా ఇదే వరస. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండే చోట్ల ఏడాది పొడవునా సాగొచ్చు. చూడి మోసేది రెండు నెలల పైన కొద్ది రోజులే. పాలిస్తూ ఉండగానే మళ్ళీ ఎదకు రాగలదు. ఆడకూన నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. మనం ఇంకా పిల్లపిల్లే అనుకుంటూ ఉండగానే అది తల్లి అయిపోతుంది.

ఇంత వేగంగా కంటే లోకమంతా పిల్లులే ఉండాలి కదా? ఒక ఆడపిల్లి, దాని సంతానం కలిసి ఏడేళ్ళలో 4,20,000 పిల్లులవుతాయన్న లెక్క చాలా ప్రచారంలో ఉంది. ఆపరేషన్ చేయించాలన్న ఉద్దేశం మంచిదే గానీ ఈ లెక్క తప్పు. ఒక జంట ఏడేళ్ళలో అంత కావాలంటే సంఖ్య ఏటా దాదాపు ఆరు రెట్లు పెరగాలి.

నిజంగా ఎంత పెరుగుతాయో చూడటానికి దక్షిణాఫ్రికాకు చెందిన మారియన్ దీవి ఉంది. 1949లో అక్కడి వాతావరణ కేంద్రంలో ఎలుకల బెడద తప్పించుకోవడానికి 5 పిల్లుల్ని తీసుకెళ్ళారు. తినడానికి బొరియల్లో గూళ్ళు కట్టే సముద్రపక్షులు కావలసినన్ని ఉన్నాయి. శత్రువులు లేరు. 1977 నాటికి పిల్లులు సుమారు 3,400 అయ్యాయి. అంటే 28 ఏళ్ళలో 680 రెట్లు. లాగరిథమ్ వేసి చూడండి, ఏటా 26 శాతం పెరుగుదల తేలుతుంది. సుమారు మూడేళ్ళకోసారి రెట్టింపు. ఈ లెక్కన ఒక జంట ఏడేళ్ళలో పది పిల్లులవుతుంది. ప్రచారంలో ఉన్న లెక్కే నిజమైతే ఆ 5 పిల్లులు 28 ఏళ్ళలో 1 పక్కన 22 సున్నాలన్ని అవ్వాలి. దీవి వైశాల్యం సుమారు 290 చదరపు కిలోమీటర్లు. ఎక్కడ పెడతారో నాకైతే తెలీదు.

తేడా ఎక్కడొచ్చిందంటే, కూనల చావులో. అమెరికాలోని నార్త్ కరోలినాలో యజమానుల్లేని పిల్లుల్ని గమనించి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆడపిల్లికి ఏడాదికి సగటున 1.4 కాన్పులు, కాన్పుకు మామూలుగా 3 కూనలు అని తేలింది. పుట్టినవాటిలో 75 శాతం ఆరు నెలల్లోపే చనిపోయాయి, లేదా కనపడకుండా పోయాయి. అంటే ఏటా నాలుగు కూనల్ని కంటే మిగిలేది ఒక్కటి.

అరకొర ప్రయత్నాలు బెడిసికొట్టేది కూడా ఇక్కడే. ఉన్నవాటిలో పాతిక శాతం ఆడపిల్లులకు ఆపరేషన్ చేసి సంతృప్తిపడ్డారనుకుందాం. పుట్టే కూనలు తగ్గుతాయి. తగ్గినందువల్ల ఉన్న కూనలకు తిండి ఎక్కువ దొరుకుతుంది. ఇదివరకు నాలుగింటిలో ఒకటి బతికేది, ఇప్పుడు రెండు బతకొచ్చు. కొన్నాళ్ళకు సంఖ్య మళ్ళీ మొదటికి రావచ్చు. పట్టి చంపేసినా ఇదే తంతు, ఖాళీ అయిన చోటుకు బయటి నుంచి కొత్తవి వస్తాయి. అందుకే 70 శాతానికి పైగా పిల్లులకు, అదీ తక్కువ కాలంలో చేస్తే తప్ప సంఖ్య తగ్గదని గణిత నమూనాలు చెబుతున్నాయి. ఊరంతా అక్కడక్కడా చేసేకన్నా ఒక చోట మొదలుపెట్టి, అక్కడ దాదాపు అన్నిటికీ పూర్తిచేసి, ఆ తర్వాతే పక్క చోటికి వెళ్ళడం మేలు. ఆపరేషన్ అయిన పిల్లికి మత్తులో ఉండగానే చెవి కొస, ఎక్కువ చోట్ల ఎడమ చెవిది, సుమారు ఒక సెంటీమీటరు తిన్నగా కత్తిరిస్తారు. చూసి కొందరు బాధపడతారు. ఆ గుర్తు లేకపోతే మాత్రం గర్భసంచి తీసేసిన పిల్లినే పట్టుకొచ్చి మళ్ళీ కడుపు కోసే ప్రమాదం ఉంది. బొచ్చు పెరిగాక కుట్టు మచ్చ కనపడదు మరి.

ఇక గండుపిల్లి సంగతి. వృషణాలు తీసేస్తే టెస్టోస్టెరాన్ పడిపోతుంది. ఆ ముళ్ళు నిలబడేదే ఆ హార్మోన్ మీద, కాబట్టి కొన్ని వారాల్లో అవీ అరిగిపోతాయి. పోట్లాటలు, మూత్రం చిమ్మడం, ఆ ఘాటు వాసన తగ్గుతాయి. కాట్ల ద్వారా పాకే వైరస్ జబ్బులూ తగ్గుతాయి. అందుకని చేయించడం మంచిదే. కాకపోతే నాళాల్లో మిగిలిపోయిన వీర్యకణాలు కొన్ని వారాలుంటాయి, ఆపరేషన్ అయిన మర్నాడే ఎదలో ఉన్న ఆడపిల్లి దగ్గర వదలకూడదు.

ఇంతకన్నా చమత్కారమైన ఆలోచన ఒకటుంది. వృషణాలు తీయకుండా నాళం మాత్రమే కత్తిరించి ముడేస్తే? వేసెక్టమీ అన్నమాట. హార్మోన్ ఉంటుంది, ముళ్ళుంటాయి, గండుపిల్లి తన ఇలాకాను కాపాడుకుంటూ వేరే మగవాటిని రానివ్వదు. అది ఆడపిల్లితో కలుస్తుంది. ఎల్‌హెచ్ పెరుగుతుంది, అండాలు విడుదలవుతాయి. ఆటో కదిలింది, కానీ చేరేదెక్కడికీ లేదు. అండాలు విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లూటియం, చూడిని నిలిపే హార్మోన్ అయిన ప్రొజెస్టెరాన్‌ను తయారుచేస్తుంది, ఆడపిల్లి శరీరం చూడి కట్టాననుకుని సుమారు నలభై రోజులు ఎద ఊసెత్తదు. మగవాటికి వేసెక్టమీ, ఆడవాటికి అండాశయాలు ఉంచి గర్భసంచి మాత్రమే తీయడం, ఈ రెండూ కలిపి కంప్యూటర్‌లో నడిపి చూసిన ఒక నమూనా 2013లో వచ్చింది. ఏటా 57 శాతం పిల్లుల్ని పట్టగలిగితే ఈ పద్ధతిలో సుమారు 11 ఏళ్ళకు ఆ గుంపు అంతరిస్తుందట. మామూలు ఆపరేషన్‌కైనా, చంపడానికైనా 82 శాతం దాటాలి. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. కానీ రాత్రిళ్ళు అరుపులు, కొట్లాటలు, వాసన అన్నీ యథాతథంగా ఉంటాయి. ఇరుగుపొరుగు ఒప్పుకుంటారా అన్నది నమూనాలో లేదు.

ఒక అపోహ గురించి చెప్పి తీరాలి. "ఒక్కసారైనా తల్లి కానివ్వండి, తర్వాత చేయించండి" అంటారు. ఈ మాట చదువుకున్నవాళ్ళ నోట విన్నప్పుడల్లా నాకు చిరాకు. దానివల్ల పిల్లికి ఒరిగేదేమీ లేదు, పోయేది మాత్రం ఉంది. ఆరు నెలల్లోపు ఆపరేషన్ అయిన పిల్లులకు రొమ్ము క్యాన్సర్ ముప్పు 91 శాతం, ఏడాదిలోపు అయితే 86 శాతం తగ్గిందని 2005 నాటి ఒక పరిశీలన. రెండేళ్ళు దాటాక చేయిస్తే ఆ లాభం కనపడలేదు. పిల్లుల్లో రొమ్ము గడ్డలు చాలావరకు ప్రాణాంతకమైనవే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

కత్తి లేకుండా కుదరదా అని కూడా అడుగుతుంటారు. 2023లో అమెరికాలోని సిన్సినాటి జూ, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు ఒక ఫలితం ప్రకటించారు. యాంటీ ముల్లేరియన్ హార్మోన్ తయారుచేసే జన్యువును, జబ్బు కలిగించని వైరస్‌లో పెట్టి ఆరు ఆడపిల్లులకు ఒక్కసారి ఇంజెక్షన్ ఇచ్చారు. పోల్చడానికి ఇంకో మూడింటికి ఆ జన్యువు ఇవ్వలేదు. గండుపిల్లులతో కలిపి ఉంచితే ఆ మూడూ పిల్లల్ని పెట్టాయి. ఇంజెక్షన్ తీసుకున్న ఆరింటిలో ఒక్కటీ పెట్టలేదు. నాలుగు అసలు గండుపిల్లిని దగ్గరికే రానివ్వలేదు. మిగిలిన రెండూ కలిశాయి, కానీ అండం విడుదల కాలేదు. ఆ హార్మోన్ అండాశయంలో అండాలు పెరిగే చిన్న సంచులను పక్వానికి రాకుండా ఆపేస్తుంది, ఎల్‌హెచ్ ఎంత పెరిగినా విడుదల కావడానికి సిద్ధంగా ఉన్న అండం ఉండాలి కదా. ఆరు పిల్లుల మీద, రెండేళ్ళకు పైగా చూసిన ఫలితం ఇది. ఎన్నేళ్ళు నిలుస్తుందో, చిన్న వయసు కూనలకూ పనిచేస్తుందో లేదో తేలాలి. అప్పటిదాకా, నాలుగో నెల దాటిన ఆడకూన ఇంట్లో ఉంటే పశువైద్యుడి దగ్గర ఆపరేషన్ తేదీ తీసుకోండి, గండుపిల్లి సంగతి ఆ తర్వాత చూడొచ్చు.