నోరు నవ్వుతోంది, మొహం ఎర్రబడింది

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

"తాతయ్యా, ఆటలో డాల్ఫిన్ నోరేమో నవ్వుతూనే ఉంది, తల మీద మాత్రం ఎర్ర మొహం వచ్చింది. ఏది నమ్మాలి?" అని అడిగారు. మీరాడుతున్నది జూ టైకూన్ అనే జూ నడిపే కంప్యూటర్ ఆటకు 2002లో అదనపు భాగంగా వచ్చిన మెరైన్ మేనియా కదా. అందులో జంతువుకు నచ్చితే తల మీద ఆకుపచ్చ మొహం తేలుతుంది, నచ్చకపోతే ఎర్రది. ఎర్ర మొహాన్నే నమ్మండి. నోటిని నమ్మకండి.

మీ ట్యాంకులో ఉన్నది బాటిల్‌నోస్ డాల్ఫిన్. దాని దవడ తీరే అంత. నోటి గీత చివర్లో పైకి వంగి ఉంటుంది. నొప్పి వచ్చినా, ఆకలేసినా, ఆఖరికి చచ్చిపోయినా ఆ వంపు మారదు.

కుండ కొనేవాళ్లు దాని మీద వేసిన పువ్వు చూసి కొనరు. వేలు మడిచి కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది. డాల్ఫిన్ నవ్వు కుండ మీది పువ్వు. నిజం డాల్ఫిన్లను చూసుకునేవాళ్లకు తల మీద పచ్చా ఎర్రా మొహాలు కనబడవు కాబట్టి, వాళ్లు రోజూ కుండ కొట్టి చూడాల్సిందే.

మొదటి దెబ్బ ఊపిరి. గడియారం పెట్టుకుని, తల మీది రంధ్రం ఎన్నిసార్లు తెరుచుకుందో లెక్కపెడతారు. ప్రశాంతంగా ఉంటే నిమిషానికి రెండు మూడుసార్లు. ఉన్నట్టుండి లెక్క పెరిగితే ఊపిరితిత్తుల జబ్బేమోనని అనుమానించాలి. రెండోది తిండి. పెద్ద డాల్ఫిన్ రోజుకు పది కిలోలకు అటూ ఇటూ చేపలు తింటుంది. చాలామటుకు ఫ్రీజర్‌లో గడ్డకట్టించినవే. ఇక్కడో చిక్కుంది. నిల్వలో విటమిన్ బి1 తగ్గిపోతుంది, పైగా కొన్ని చేపల్లో ఉండే ఎంజైము దాన్ని నాశనం చేస్తుంది. అందుకే మొదటి చేప మొప్పలో మాత్ర దూర్చి ఇస్తారు. డాల్ఫిన్ సముద్రపు నీళ్లు తాగి దాహం తీర్చుకోదు, ఒంటికి కావలసిన నీరు ఎక్కువగా చేపలోంచే వస్తుంది. కాబట్టి రెండు రోజులు తిండి మానేసిందంటే నీళ్లు కూడా మానేసినట్టే. మూడోది బరువు. ఈలకూ చేపకూ అలవాటు చేస్తే, తనే జారుకుంటూ వచ్చి తూకం పలక మీద పడుకుంటుంది. రక్తం తీయడానికి తోక రెక్క కూడా అలాగే అందిస్తుంది. బలవంతంగా పట్టుకుంటే మాత్రం బెదిరిపోయి మర్నాడు దగ్గరికే రాదు. మీరు ఆటలో నేర్పించే గెంతులకన్నా ఆ తోక అందించడమే గొప్ప విద్య అని నా అభిప్రాయం.

ఇంకో తమాషా. డాల్ఫిన్ కూడా కుండలు కొట్టి చూస్తుంది! ముక్కు దారుల్లో టకటకలు పుట్టించి, నుదుటి మీది కొవ్వు ముద్దతో వాటిని ఒక వైపుకు గురిపెట్టి వదులుతుంది. తిరిగొచ్చిన చప్పుడు కింది దవడలోని కొవ్వు గుండా చెవికి చేరుతుంది. చేప దగ్గరయ్యే కొద్దీ దెబ్బలు దగ్గర దగ్గరగా పడి, చివరికి తేనెటీగ రొదలా కలిసిపోతాయి. ఇసుకలో దాక్కున్న చేపను కూడా ఇలాగే పట్టేస్తుంది. కుండ పోలిక ఇక్కడ చాలదనుకోండి. మనకు పగులుందో లేదో తెలుస్తుంది, దానికి వస్తువు ఆకారమే తెలిసిపోతుంది. కళ్లు కప్పి వదిలినా దారి తప్పదు. అలా చెవితో చూస్తే లోకం ఎలా ఉంటుందో ఎంత ఊహించినా నాకు అందదు.

మరి ట్యాంకులో? తను కుండ లోపలే ఉండి కొడుతోంది. ఎటు కొట్టినా గోడే పలుకుతుంది. ఆట చేసినవాళ్లు ఫిల్టరు పెట్టారు, నీళ్లు మురికైతే శుభ్రం చేసే మనిషిని పెట్టారు, అది మెచ్చుకోవాలి. ఈ చప్పుడు సంగతి మాత్రం బొమ్మలో చూపించడం కష్టం. 2019లో వచ్చిన ఇలాంటి ఇంకో ఆట ప్లానెట్ జూ తయారుచేసినవాళ్లయితే అసలు డాల్ఫిన్నే పెట్టలేదు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఆటలో ఒక్క డాల్ఫిన్‌నే ఎంచుకుని, పచ్చా ఎర్రా పట్టించుకోకుండా ఐదు నిమిషాలు చూడండి. ఊపిరికి ఎన్నిసార్లు పైకొచ్చిందో గీతలు గీయండి. తర్వాత సముద్రంలో తీసిన నిజం డాల్ఫిన్ వీడియో ఒకటి, మధ్యలో కత్తిరించనిది వెతికి, దానికీ అలాగే గీయండి. తెరుచుకోవడం, మూసుకోవడం అర సెకనులో అయిపోతుంది, రెప్ప వేస్తే లెక్క తప్పుతుంది. ఒకరు చూస్తుంటే ఇంకొకరు గీయండి. రెండు కాగితాలూ నాకు పంపండి.

మీ తాతయ్య