వందిమాగధులంటే వందమంది కాదు

తిరుపతి

పిల్లలూ,

'మంత్రిగారు వందిమాగధులతో కొండకు వచ్చారు' అని పేపర్లో చదివి, వందమందితో వచ్చారా తాతా అని ఫోన్లో అడిగారు. అంతమందీ వచ్చే ఉంటారు గానీ, ఆ మాటకు అర్థం అది కాదు.

వంది అన్నా, మాగధుడు అన్నా రాజుల కొలువులో పొగడటమే పనిగా ఉన్నవాళ్ళు. వందనంలో ఉన్న 'వంద్' ధాతువే వందిలోనూ ఉంది. మొక్కడం, పొగడటం రెండూ దాని అర్థాలే. సమయానికి తగ్గ స్తోత్రం అందుకునేవాడు వంది. రాజుగారి తాతముత్తాతల గొప్పలు ఏకరువు పెట్టేవాడు మాగధుడు. తెల్లవారుజామున పాడి రాజును నిద్రలేపేవాళ్ళు వైతాళికులు. మన కొండ మీద స్వామికి సుప్రభాతం పాడేది ఆ రాజమర్యాదతోనే.

వీళ్ళ పుట్టుక కథ నాకు భలే ఇష్టం. భూమిని ఆవును చేసి పితికిన పృథు చక్రవర్తి ఉన్నాడే, ఆయన పుట్టగానే జరిగిన యజ్ఞంలో సూతుడు, మాగధుడు పుట్టారట. రాజును పొగడమన్నారు ఋషులు. 'ఈయన పుట్టిందే ఇవాళ, ఇంకా ఏ పనీ చెయ్యలేదు, ఏమని పొగడాలి?' అని వాళ్ళు అడిగారని విష్ణుపురాణం. చెయ్యబోయే పనుల్ని పొగడండి అన్నారు ఋషులు. (ఎన్నికల మేనిఫెస్టోలకు మూలం ఇక్కడే ఉందేమో!) భాగవతంలో అయితే పృథువే అడ్డుపడతాడు. నా గుణాలు ఇంకా లోకానికి తెలియవు, నా మూలంగా మీ మాటలు అబద్ధం కాకూడదు, ఇప్పుడొద్దు అంటాడు. భారతంలో ఆయన మాగధుడికి ఏకంగా మగధ దేశాన్నే ఇచ్చేస్తాడు.

అంటే ఇది మొదట్లో తిట్టు కాదు, ఉద్యోగం. రాజులతోపాటు ఉద్యోగం పోయింది. మాట మాత్రం మిగిలి, నాయకుడు తుమ్మినా చప్పట్లు కొట్టేవాళ్ళకు అంటుకుంది.

పొగడనని మొండికేసినవాడూ మన కొండ స్వామి మనిషే. సాళువ నరసింహరాయలు తన మీద ఒక పదం చెప్పమంటే, హరిని పొగిడే నాలుకతో నిన్ను పొగడలేనన్నాడు అన్నమయ్య (1408-1503). రాజు సంకెళ్ళు వేయించాడు. ఇదంతా ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాసిపెట్టాడు.

సెలవులకు వచ్చినప్పుడు బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు చూద్దురు గాని. పైన నాయకుడి నిలువెత్తు బొమ్మ, కింద పోస్టల్ స్టాంపుల్లా వరసగా తలకాయలు. మీరడిగిన వాళ్ళు ఆ కింది వరసలో ఉంటారు. పాతవాళ్ళకు రాజే ఎదురిచ్చి పొగిడించుకునేవాడు. వీళ్ళు ఫ్లెక్సీ ఖర్చు ముందు సొంతంగా పెట్టుకుని, తర్వాత కాంట్రాక్టుల్లో రాబట్టుకుంటారు.

మీ తాత