జీవితానికి అర్థం ఉందా, మనం పెట్టుకున్నదేనా? ఒక ఫిలాసఫీ మాస్టారి అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో ఏ పెళ్లికి వెళ్లినా భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పెద్దాయన అడిగే మొదటి మాట, "ఏం చేస్తుంటావు అబ్బయా?" లెక్చరర్‌నని చెప్పగానే ఆయన మొహం వెలుగుతుంది. "ఏం సబ్జెక్టు?" ఫిలాసఫీ అనగానే ఆ వెలుగు కాస్త తగ్గుతుంది. పప్పులో నెయ్యి కలుపుకుంటూ కాసేపు ఆలోచించి అంటాడు: "అయితే చెప్పు, ఈ బతుక్కి ఏమన్నా అర్థం ఉందంటావా, లేకపోతే మనం అనుకోవడమేనా?"

ఎగతాళికి అడిగినట్టే ఉంటుంది. కానీ నేను జవాబు మొదలుపెడితే చెయ్యి కలపడం ఆపి వింటాడు. ఇరవై రెండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ఈ ప్రశ్న చుట్టూ పెరిగిన అపోహల్లో నాకు తరచూ ఎదురయ్యేవి కొన్ని రాస్తాను.

ముందు మాట సంగతి. పరీక్ష పేపర్లలో చాలామంది పిల్లలు 'జీవితానికి అర్ధం' అని రాస్తారు. థ బదులు ధ పడితే అది సగం అవుతుంది. దీనికి మార్కులు కోయడం మానేశాను, ఒక్కోసారి అదే సరైన ప్రశ్నేమో అనిపిస్తుంది కూడా. థ తో రాసిన అర్థానికైనా ఒక్క అర్థం లేదు. పదానికి అర్థం ఉంటుంది. అర్థశాస్త్రంలో అర్థం అంటే డబ్బూ అధికారమూ. బస్టాపులో సిమెంటు బల్ల మీద 'ఫలానా వారి జ్ఞాపకార్థం' అని రాసి ఉంటుందే, అక్కడ అర్థం అంటే 'కోసం'. పెళ్లిలో పెద్దాయన అడిగేది ఈ మూడోదాని గురించే: నేను దేనికోసం?

అపోహ: దేవుడుంటే జీవితానికి అర్థం ఉన్నట్టే, లేకపోతే లేనట్టే.

భక్తులూ నాస్తికులూ ఒకరితో ఒకరు ఒప్పుకునే అరుదైన మాట ఇది. ఇద్దరిదీ తొందరపాటే.

మన దగ్గర దేవుడి గురించి రాసినవాళ్లే ఇంత సులువుగా తేల్చలేదు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఒక ఆక్షేపణ వస్తుంది: బ్రహ్మం ఈ సృష్టి దేనికోసం చేసింది? ఫలానా ప్రయోజనం కోసం అంటే దానికి ఏదో లోటు ఉన్నట్టు. లోటు ఉంటే అది పూర్ణం ఎలా అవుతుంది? సూత్రకారుడి జవాబు 'లోకవత్తు లీలాకైవల్యం'. అంటే ఉత్త ఆట. కోరికలన్నీ తీరిన రాజు ఊరికే వినోదించినట్టు, మనం ఊపిరి తీసి వదిలినట్టు అని శంకరుడు వివరించాడు. మైపాడు బీచ్‌లో పిల్లవాడు ఇసుక గూడు కడితే దేనికి కట్టావని ఎవరూ అడగరు. మరి ఆ లెక్కన దేవుడు ఉన్నాడు, సృష్టీ ఉంది, కానీ చేసినవాడి వైపు నుంచి ప్రయోజనం లేదు.

వేదంలోని కర్మకాండను విచారించే పూర్వమీమాంసకులది దీనికి ఎదురు దారి. వేదం విధించిన ధర్మం ఉంది, అది మనం కల్పించుకున్నది కాదు, కానీ దానికి సృష్టికర్త అక్కర్లేదు. సృష్టికర్త ఉన్నాడన్న వాదాన్ని కుమారిల భట్టు గట్టిగానే ఖండించాడు. అర్థం బయటినుంచే వచ్చింది, ఇచ్చినవాడు మాత్రం లేడు. 'సొంతంగా ఆలోచించడం అంతా పాశ్చాత్యులది, మనది అంతా రాసిపెట్టిందే' అనేవాళ్లకు ఈ ఇద్దరినీ చూపిస్తుంటాను.

క్లాసులో ఇదంతా చెప్పాక రొయ్య దగ్గరికి వస్తాను. ఇందుకూరుపేట వైపు పిల్లలకు ఇది వెంటనే ఎక్కుతుంది. గుంటలో వేసిన రొయ్య పిల్లకు ప్రయోజనం ముందే ఖాయమై ఉంది: నాలుగు నెలల్లో ముప్పై కౌంట్‌కి రావాలి, కిలోకి ముప్పై తూగాలి. పెంచేవాడికి అందులో ఏ సందేహమూ లేదు. అందుకని రొయ్య బతుకు అర్థవంతమైనదని అంటామా? పైవాడు మనల్ని ఒక పని కోసం చేశాడనే అనుకుందాం. ఆ పని మనకూ మంచిదేనా అని అడగాల్సిన అవసరం అప్పుడూ పోదు. భక్తుడు 'మంచిదే' అంటాడు, ఎందుకు మంచిదో చెప్పబోతాడు. చెప్పడం మొదలుపెట్టగానే ఆయనా నాస్తికుడూ ఒకే బెంచీ మీద కూర్చున్నట్టు.

అపోహ: మన అర్థం మనమే సృష్టించుకోవాలంటే ఎవరిష్టం వారిదని.

ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసేవాళ్లు కర్ర చేతిలోకి తీసుకోకముందే అది గరిటె కావాలా ఫోర్కు కావాలా అనుకునే మొదలుపెడతారు. పని ముందు, వస్తువు తర్వాత. 1945 అక్టోబరులో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఫ్రెంచి తత్త్వవేత్త సార్త్ర్ కాగితాలు కోసే కత్తిని ఉదాహరణగా తీసుకుని ఈ మాటే చెప్పాడు. మనిషి దగ్గర మాత్రం వరస తిరగబడుతుందన్నాడు: ముందు పుడతాడు, తనేమిటన్నది తర్వాత తన చేతల్లో తేలుతుంది.

ఇక్కడిదాకా విని మా పిల్లలు "అయితే మన ఇష్టమే కదా సార్" అని సంబరపడతారు. ఆయన ఆ వెంటనే అన్నది వాళ్లకు నచ్చదు. నువ్వు ఒకటి ఎంచుకున్నావంటే మనిషనేవాడు ఇలా ఉండాలని అందరి తరఫునా ఎంచుకున్నట్టు, ఆ బాధ్యతను ఎవరి నెత్తిన రుద్దడానికీ వీల్లేదు. అదే ఉపన్యాసంలో ఒక కుర్రాడి సంగతి చెప్పాడు. అన్న యుద్ధంలో చనిపోయాడు, అమ్మకు ఇతనే దిక్కు, ఇతనేమో ఇంగ్లండు వెళ్లి సైన్యంలో చేరాలనుకుంటున్నాడు. పేర్లు మార్చితే మన కథే: అమ్మ కలిగిరిలో, ఉద్యోగం కువైట్‌లో. ఏ గ్రంథమూ ఇది చెయ్యమని తేల్చి చెప్పదు. సార్త్ర్ కూడా చెప్పలేదు, ఎంచుకోమన్నాడు. అది స్వేచ్ఛలా కాక శిక్షలా ఉందని అనిపిస్తే ఆయన్ను సరిగ్గానే చదివినట్టు.

ఫ్రాంకెల్‌ను కూడా జనం ఈ వరసలోనే కలిపేస్తారు. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ వియన్నా డాక్టరు ఆయన. ఆయన వాదన తద్విరుద్ధం: అర్థం కల్పించుకోవడానికి కుదరదు, కనుక్కోవాలి. చేసే పనిలో, ప్రేమించే మనిషిలో, తప్పించుకోలేని కష్టాన్ని ఎలా మోస్తామన్న దానిలో అది దొరుకుతుంది. వాట్సాప్‌లో ఆయన ఫొటో కింద 'నీ అర్థాన్ని నువ్వే సృష్టించుకో' అని కనిపించినప్పుడల్లా నాకు పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది.

నా మొగ్గు అడిగితే, సూసన్ వుల్ఫ్ అనే అమెరికన్ తత్త్వవేత్త వైపు. దేనిమీదైనా మన మనసు పడాలి, అది మనసు పడదగ్గదీ అయ్యుండాలి, రెండూ కలిసిన చోట అర్థం పుడుతుందంటుంది ఆమె. హైవే పక్కన కూర్చుని జీవితమంతా లారీలు లెక్కపెట్టేవాణ్ణి ఊహించుకోండి. వాడికి అందులో చెప్పలేనంత ఆనందం. అయినా మనకు ఏదో వెలితి కనిపిస్తుంది. ఇటువైపు, మంచి పనే చేస్తూ అందులో మనసు లేనివాళ్లు. నోట్సు పసుపురంగు తిరిగినా అదే చదివి వినిపించే మాస్టార్లను మీరూ చూసే ఉంటారు. ఆ పని విలువ ఆ పనికి ఉంది, వాళ్లకు మాత్రం అంటలేదు.

అపోహ: లక్ష్యమే అర్థం.

నెల్లూరు, ఒంగోలులో రెసిడెన్షియల్ కాలేజీల హోర్డింగులు చూసి పెరిగిన పిల్లలకు దీని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. ర్యాంకు వస్తే లక్ష్యం తీరిపోతుంది, తీరగానే అయిపోతుంది. అమ్మగా ఉండటం, ఊళ్లో డాక్టరుగా ఉండటం ఎప్పుడు 'తీరతాయి'?

అపోహ: అర్థం లేదన్నవాళ్లు చావమన్నట్టే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. పదకొండేళ్ల కిందట డిగ్రీ మూడో సంవత్సరం కుర్రాడు సాయంత్రం స్టాఫ్ రూముకి వచ్చి, "ఇదంతా దేనికి సార్?" అన్నాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు. అప్పటిదాకా అటెండెన్సు గురించి తప్ప నన్నెవరూ ఏమీ అడగలేదు. ఫ్రెంచి రచయిత కామూ గురించి నలభై నిమిషాలు చెప్పాను. గ్రీకు పురాణంలో కొండమీదికి బండ దొర్లించే సిసిఫస్, అది మళ్లీ కిందికి రావడం, అతను మళ్లీ దిగి వెళ్లడం. కుర్రాడు చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నాడు. లేచేటప్పుడు "థాంక్యూ సార్" అన్నాడు. చొక్కా మీద గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నాడని అప్పుడే చూశాను, చూసి నవ్వుకున్నాను.

రెండు వారాలు రాలేదు. వాడి స్నేహితుడు చెప్పాడు: గుంటల్లో రొయ్యలకు వైట్ స్పాట్ రోగం వచ్చి పంట మొత్తం పోయింది, నాయనకు అప్పులు, వీడికి రెండు నెలలుగా నిద్ర లేదు. అదృష్టం ఏమిటంటే ఆ స్నేహితుడు నాకంటే తెలివైనవాడు, వాణ్ణి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ కుర్రాడు ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాడు, పండక్కి ఫోన్ చేస్తాడు.

కామూ 1942లో అచ్చయిన తన సిసిఫస్ పుస్తకాన్ని మొదలుపెట్టిందే ఆత్మహత్య ప్రశ్నతో. మనం అర్థం కావాలంటాం, లోకం నోరు విప్పదు, ఈ రెంటి మధ్య పొసగకపోవడాన్నే ఆయన అసంబద్ధం అన్నాడు. అందుకని చావాలా అంటే వద్దనే ఆయన జవాబు, పుస్తకమంతా ఆ వాదనే. అంత నలభై నిమిషాల్లో ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్పానా అన్నది కూడా నాకు గుర్తులేదు.

'ఇదంతా దేనికి' అన్నవాళ్లందరూ తత్త్వం అడగరు. ఇప్పుడు నేను మొదట అడిగేవి రెండే: నిద్ర పడుతోందా, అన్నం తింటున్నావా? సమాధానం బాగోలేకపోతే పాఠం పక్కన పెట్టి డాక్టరు మాట ఎత్తుతాను. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది. దీన్ని మా స్టాఫ్ రూము బీరువా తలుపు మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంచాను.

అపోహ: జీవితానికి అర్థం లేదని బుద్ధుడు చెప్పాడు.

చెప్పలేదు. లోకం శాశ్వతమా కాదా లాంటి ప్రశ్నలు పట్టుకుని జవాబు చెప్పకపోతే వెళ్లిపోతానన్న మాలుంక్యపుత్రుడికి బాణం దెబ్బ తిన్నవాడి కథ చెప్పాడు: కొట్టినవాడి కులమేమిటి, విల్లు ఏ కర్రది అని తేలేదాకా బాణం తీయనివ్వనంటే ఈలోపే పోతాడు. 'అర్థం' ఆ ప్రశ్నల్లో లేదు, ఉన్నా ఇదే జవాబు వచ్చేదని నా అనుమానం. దొనకొండ దగ్గర చందవరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఆయన పేరిట కట్టిన మహాస్తూపం మిగిలి ఉంది. ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లాను. వాళ్లు ఫొటోలు దిగారు, నేను నీడ వెతుక్కున్నాను.

అపోహ: ఇది ఎవరికి వారు ఒంటరిగా తేల్చుకోవాల్సిన విషయం.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. ఎందుకంటే 'ముందే ఉంది' అనేవాళ్లూ 'మనమే చేసుకోవాలి' అనేవాళ్లూ ఇద్దరూ ఒక మనిషిని గదిలో పెట్టి తలుపేసి మాట్లాడతారు. 1992లో మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో పాఠం చదివి, సారా కొట్టు వైపు చూసి, లేచారు. మరుసటి ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయింది. ఆ పని వాళ్లకు పైనుంచి ఎవరూ అప్పజెప్పలేదు. అలాగని ఒక్కో ఆమె తన మంచం మీద కూర్చుని కల్పించుకున్నదీ కాదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ మా రొట్టెల పండుగ. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె, ఉద్యోగ రొట్టె. చూడటానికి అన్నీ ఒకటే రొట్టె. పిండిలో ఉద్యోగం లేదు. అలాగని ఇంట్లో ఒక రొట్టె కాల్చుకుని 'ఇది నా ఉద్యోగ రొట్టె' అనుకుని తినేస్తే కుదరదు. ఉద్యోగం వచ్చినవాడి చేతినుంచి తీసుకోవాలి, నీకు వచ్చాక మరుసటి ఏడు నువ్వు తెచ్చి ఇవ్వాలి. రొట్టె అర్థం పిండిలోనూ లేదు, నా బుర్రలోనూ లేదు, ఆ నీళ్లలో నిలబడ్డ ఇద్దరి మధ్య ఉంది.

నాకు ఇది పుస్తకంలో దొరకలేదు. పీజీ అయ్యాక మూడేళ్లు ఖాళీగా ఉన్నప్పుడు మా అమ్మ బలవంతంగా తీసుకెళ్లి ఉద్యోగ రొట్టె తినిపించింది. హేతువాదినని గొణుగుతూనే తిన్నాను. ఉద్యోగం వచ్చింది. మరుసటి ఏడు నేను మర్చిపోయినా అమ్మ మర్చిపోలేదు, రొట్టెలు కాల్చి గుడ్డలో చుట్టి చేతికిచ్చింది. మోకాళ్లలోతు నీళ్లలో, ప్యాంటు మడిచి, "ఉద్యోగ రొట్టె, ఉద్యోగ రొట్టె" అని అరవడం మొదలుపెట్టాను. మొదట గొంతు పెగల్లేదు. ఫైలు చంకలో పెట్టుకున్న ఒక కుర్రాడు దగ్గరికి వచ్చాడు.

"ఏం ఉద్యోగం వచ్చిందన్నా?"

"లెక్చరర్."

"ఏం సబ్జెక్టు?"

చెప్పాను. రొట్టె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. "పర్లేదులే అన్నా, ఇయ్యి" అని తీసుకున్నాడు.