ఆయకట్టు దాటిన లెక్క: ఓరుగల్లు చెరువుల నుంచి గోదావరి మొగ దాకా

చిత్తడి నేలల పరిరక్షణ కోసం కేంద్రం 2017 సెప్టెంబరులో తెచ్చిన నిబంధనల్లో ఒక వాక్యాన్ని వరంగల్ వాళ్లు ఒకటికి రెండుసార్లు చదవాలి. సాగునీటి కోసమో తాగునీటి కోసమో మనుషులు కట్టుకున్న జలాశయాలు చిత్తడి నేలల కిందికి రావని ఆ వాక్యం చెబుతుంది. గణపతిదేవుని కాలం నాటి పాకాల, రామప్ప చెరువుల్లో ఎనిమిది వందల ఏళ్లుగా చేపలు పెరుగుతున్నాయి, పక్షులు వాలుతున్నాయి. కట్టింది సాగు కోసం కాబట్టి ఈ నిబంధనల దృష్టిలో అవి చిత్తడి నేలలు కావు. చిత్తడి నేలల కోసం దేశాలన్నీ కుదుర్చుకున్న 1971 నాటి రామ్‌సర్ ఒప్పందం సహజమైనవీ మనుషులు కట్టినవీ అనే తేడా చూడలేదు. మన దేశం 1982లో అందులో చేరింది. 2011 నాటి ఇస్రో అట్లాసు కూడా చెరువులను చిత్తడి నేలల్లోనే లెక్కించింది. నిబంధనల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవి జారిపోయాయి.

చెరువంటే ఆయకట్టుకు నీళ్లిచ్చే తొట్టి, అంతే అన్న చూపు దీని వెనుక ఉంది. ఈ చూపును ప్రశ్నించే పద్ధతి ఒకటి ఇప్పటికే ఉంది. ప్రకృతి మనకు చేసిపెట్టే పనులను ఒక్కొక్కటిగా గుర్తించి విలువ కట్టడాన్ని పర్యావరణ సేవల మదింపు అంటారు. పర్యావరణ సేవలు అన్న మాట 1980ల మొదట్లో వాడుకలోకి వచ్చింది. 1997లో పర్యావరణ ఆర్థికవేత్త రాబర్ట్ కోస్టాంజా బృందం భూగోళం మొత్తానికీ లెక్క వేసింది. 17 రకాల సేవలకు ఏడాదికి సగటున 33 లక్షల కోట్ల డాలర్ల విలువ తేలింది. అన్నింటిలోకీ హెక్టారుకు ఎక్కువ విలువ పలికింది నది సముద్రంలో కలిసే చోటు. ఆటుపోట్ల నీరు లోపలికి ఎక్కి దిగే ఆ తావును మన జాలర్లు మొగ అంటారు. దాని విలువ హెక్టారుకు 22,832 డాలర్లు. అందులో చేపలూ రొయ్యల వంటి ఆహారం వాటా 500 డాలర్ల పైచిలుకే. మిగిలిన దాంట్లో సింహభాగం, 21 వేల డాలర్లకు పైగా, నది మోసుకొచ్చిన పోషకాలను నిలిపి, మార్చి, జీవరాశికి అందించే పనిది. ఆ పని కంటికి కనిపించదు, దానికి బిల్లు రాదు.

ఈ అంకెల మీద ఆర్థికవేత్తలు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. ప్రాణాధారానికి ధర కట్టడమేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. నా మటుకు నాకు అంకె కన్నా జాబితా ముఖ్యం. ఐక్యరాజ్యసమితి పిలుపుతో జరిగి 2005లో ముగిసిన సహస్రాబ్ది పర్యావరణ మదింపు కూడా ఆ జాబితానే నాలుగు రకాలుగా స్థిరపరచింది: తిండీ నీరూ ఇచ్చేవి, వరద వంటివాటిని అదుపు చేసేవి, వీటన్నింటికీ ఆధారంగా నిలిచేవి, మనసుకూ సంస్కృతికీ చెందినవి.

ఈ జాబితా మన ఊళ్లకు కొత్త కాదు. చెరువు కట్టినవారికీ బాగుచేసేవారికీ దశబంధం పేరిట భూమి ఇచ్చేవారు. నీరు పంచే నీరటికి పంటలో వాటా ఉండేది. చేపలు బెస్తలవి, ముదిరాజులవి. కుమ్మరికి మట్టి, చాకలికి రేవు, ఎండాకాలం శిఖంలో, అంటే నీరు తగ్గి బయటపడిన చెరువు నేలలో, పశువులకు మేత దక్కేవి. కట్ట మీద మైసమ్మ, సద్దుల నాడు నీళ్లలో బతుకమ్మ. ఏ సేవ ఎవరికి చెందుతుందో ఊరికి నోటికి వచ్చు. ఆ పంపకం కులాన్ని బట్టి సాగింది కాబట్టి అందరికీ సమానంగా దక్కలేదు. దాన్ని యథాతథంగా తిరిగి తెమ్మని నేను అనను. కానీ చెరువు చేసే పనులు ఒకటి కాదు, పది అన్న ఎరుక అందులో ఉంది.

చెరువు నిర్వహణ ఊరి చేతి నుంచి శాఖల చేతికి పోయాక ఆ పదీ ఒకటయ్యాయి. బోర్లు వచ్చాక ఆ ఒక్కటి కూడా అక్కర్లేదనిపించింది. బోరులో ఊరే నీరు చెరువు పుణ్యమేనన్న సంగతి ఏ ఖాతాకూ ఎక్కలేదు. శిఖం భూములు ప్లాట్లయ్యాయి. 2015లో మొదలైన తెలంగాణ చెరువుల బాగు పథకం మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46,531 చెరువులను లెక్కలోకి తెచ్చి, పూడిక మట్టిని పొలాలకు చేర్చింది. దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. మట్టి కూడా చెరువు ఇచ్చే సేవేనని అది మళ్లీ గుర్తు చేసింది.

మట్టి సంగతి ఇంకాస్త చూడాలి. చెరువులో అది పూడిక, పొలంలో ఎరువు, గోదావరి మొగ దగ్గర అదే నేల. 1963లో గోదావరి మీద పోచంపాడు దగ్గర పునాది పడిన శ్రీరాంసాగర్ సామర్థ్యం మొదట 112 టీఎంసీలు. ఒండ్రు పేరుకుని ఇప్పుడది సుమారు 80కి దిగింది. ఆ జలాశయం నుంచి కాకతీయ కాలువలో వచ్చే నీరే ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులను నింపి వరంగల్ దాహం తీరుస్తుంది. ఇలా ఎగువన కట్టిన ఆనకట్టల వెనక ఆగిన ఒండ్రు దిగువకు చేరక డెల్టా అంచు కోతకు గురవుతోంది. గోదావరి మొగ దగ్గరి కోరింగ మడ అడవులు నిలిచేది ఆ ఒండ్రు మీదే. 1978లో అభయారణ్యమైన కోరింగకు 1991 నుంచి తీర ప్రాంత నియంత్రణ నిబంధనల రక్షణ కూడా ఉంది. కానీ ఆ నిబంధనలు తీరం దగ్గర ఆగుతాయి. ఒండ్రు ఆగింది పోచంపాడులో. మొగను కాపాడాలంటే లెక్క ఉత్తర తెలంగాణ నుంచే మొదలుపెట్టాలి.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. పక్కనున్న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి జనం ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. వరంగల్ కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువుకు గండి పడింది. అంతటి వానను ఏ గొలుసుకట్టు చెరువులూ పూర్తిగా ఆపలేవు. అయినా వరదను కాసేపు పట్టి ఉంచి, మత్తడి (అలుగు) మీదుగా మెల్లగా వదలడం చెరువు చేసే పని. మత్తడి కాలువ ఇరుకైతే, శిఖంలో ఇళ్లు లేస్తే, ఆ పని ఆగిపోతుంది. ఆయకట్టు ఎకరాలు మాత్రమే రాసుకున్న పుస్తకంలో ఆ నష్టం కనిపించదు.

2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేశారు. ఇలాంటి పనికి ముందు జాబితా రాసుకోవాలి. చేపల మీద బతికే కుటుంబాలెన్ని, నీరు తీశాక చుట్టుపక్కల బోర్లు ఎంత దిగుతాయి, చలికాలపు పక్షులు ఎక్కడికి పోతాయి, వచ్చే వానాకాలానికి ఎంత వరద పట్టే చోటు దొరుకుతుంది. అన్నింటికన్నా ముందు మట్టిని పరీక్షించాలి. ఊరి చెరువు మట్టిని రైతు చూసి, వాసన పట్టి పొలానికి తోలుకుంటాడు. నగరపు మురుగు చేరిన చెరువు మట్టిలో ఉండే భార లోహాలు కంటికీ ముక్కుకూ అందవు.