గుండుతోపుల నుంచి తురహళ్ళి దాకా: బెంగళూరు ఊరి అడవుల కథ

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కొన్ని సెలవు రోజున పిల్లలను వెంటబెట్టుకొని కనకపుర రోడ్డు వైపు తురహళ్ళి అడవికో, దేవనహళ్ళి దగ్గరి నల్లూరు చింతతోపుకో వెళ్తుంటాయి. ఇలాంటి చోట్లలో ఎవరు తిరగవచ్చు, సందర్శకుల కోసం అక్కడ ఏమేమి కట్టవచ్చు అన్న వివాదం ఇటీవలిదిగా తోచినా, దాని మూలాలు ఈ పీఠభూమి పల్లెల పాత ఏర్పాటులోనే ఉన్నాయి.

ఇక్కడి చాలా ఊళ్ళకు పొలిమేరలో ఒక గుండుతోపు ఉండేది. మామిడి, పనస, నేరేడు, చింత వంటి నీడనిచ్చే చెట్లను ఊరే నాటి పెంచుకొనేది. బాటసారులు అక్కడ సేద తీరేవారు, పశువులు నీడకు చేరేవి, జాతరలు జరిగేవి, కాయల మీద వచ్చిన రాబడి ఊరి అవసరాలకు పనికివచ్చేది. ఆనేకల్, హోసకోటె ప్రాంతాలలో తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్న రైతు కుటుంబాలకూ ఈ తోపులు సొంతమే. ఎవరైనా రావచ్చు, కానీ పచ్చని చెట్టును ఇష్టం వచ్చినట్లు నరకడానికి ఊరు ఒప్పుకొనేది కాదు. సంరక్షణ అంటే ఏమిటో ఏ చట్టమూ చెప్పకముందే ఆ పల్లెలు తెలుసుకున్నాయని నా నమ్మకం.

నగరం విస్తరించిన కొద్దీ ఈ ఏర్పాటు చెదిరింది. రికార్డులలో ప్రభుత్వ భూమిగా ఉన్నందువల్ల, బడికో, కార్యాలయానికో, బస్సుల నిలయానికో స్థలం కావలసినప్పుడు తోపు మీదే చూపు పడింది. 2007లో 110 గ్రామాలనూ, చుట్టుపక్కల పురపాలక సంఘాలనూ కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికె ఏర్పడినప్పుడు, ఆ గ్రామాలలో తోపును తమదిగా కాచుకొనే పంచాయతీలే లేకుండా పోయాయి. అదే ఏడాది నల్లూరు చింతతోపును దేశంలో తొలి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించడం ఎంతో మేలు చేసింది. సుమారు 54 ఎకరాలలో, శిథిలమైన గుడి చుట్టూ, శతాబ్దాల నాటి చింతమానులు నేటికీ నిలిచి ఉన్నాయి.

తురహళ్ళి చరిత్ర వేరు. అది అటవీశాఖ అధీనంలోని రాతిగుట్టల పొదల అడవి. బండలెక్కేవారికీ, సైకిల్ తొక్కేవారికీ, పక్షులను చూసేవారికీ అది ఎన్నో ఏళ్ళుగా ఇష్టమైన చోటు. 2021 ఆరంభంలో అక్కడ ట్రీ పార్కు నిర్మించాలని శాఖ తలపెట్టగా, అడవిని అడవిగానే ఉంచమని స్థానికులూ నడకకు వచ్చేవారూ కలిసి నిరసన తెలిపారు, చివరికి ప్రభుత్వం ఆ ప్రతిపాదనను విరమించుకుంది. గట్టి బాటలు, బెంచీలు, కొత్తగా తెచ్చి నాటిన మొక్కలు చూపుకు ఇంపుగా ఉండవచ్చు గానీ, ముళ్ళపొదల్లో గూడు కట్టుకొనే పక్షికీ, బండ సందుల్లో బతికే పాముకూ అక్కడ చోటుండదు.

సందర్శకుల రాకపోకలు అడవికి కొంత రక్షణే అని నేను భావిస్తాను, ఎందుకంటే నలుగురు తిరిగే చోట ఆక్రమణ త్వరగా బయటపడుతుంది, తురహళ్ళిలో గొంతెత్తిన వారిలో రోజూ నడిచేవారూ ఉన్నారు. అయితే వచ్చేవారు ఉన్న కాలిబాటల మీదే నడవాలి, చెత్తను వెనక్కి తీసుకుపోవాలి, పాటల మోత పెట్టకూడదు. మిగిలిన గుండుతోపుల హద్దులను సర్వే చేయించి, రాళ్ళు పాతించి, వాటి బాగోగులలో ఆయా ఊళ్ళ పాతకాపులకు మళ్ళీ చోటు కల్పించడం ప్రభుత్వం వెంటనే చేపట్టవలసిన పని.