రెడ్ వెల్వెట్ కప్‌కేకులో పెరుగు చేసే పని

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పూర్తిచేసిన నా స్నేహితురాలు గుడ్డు ముట్టదు. ఆమె కోసం తిరుపతిలో, మా ఇంటి వంటగదిలో, మైదా జల్లించడం మొదలుకొని అన్నీ స్వయంగా చేసుకుంటూ, కొద్దిగా కోకో కలిపి ఎర్రగా చేసే రెడ్ వెల్వెట్ కప్‌కేకులు చేయాలనుకున్నప్పుడు ముందుగా తేల్చుకోవలసి వచ్చింది ఎరుపు సంగతి కాదు, గుడ్డు చేసే పనులు ఎవరు చేస్తారన్నది. గుడ్డులోని ప్రొటీన్లు గిలకొట్టినప్పుడు గాలిని పట్టి ఉంచి, వేడికి గడ్డకట్టి కేకును నిలబెడతాయి. పచ్చసొనలోని లెసిథిన్ నూనెను, నీటిని విడిపోకుండా కలిపి ఉంచుతుంది. గుడ్డు లేనప్పుడు నిలబెట్టే బాధ్యత మైదాలోని పిండిపదార్థానికీ, గ్లూటెన్ అనే సాగే ప్రొటీన్‌కూ, పొంగించే బాధ్యత దాదాపు పూర్తిగా వంటసోడాకూ దానితో కలిసే ఆమ్లాలకూ చేరుతుంది.

ఈ కేకు గురించి చెప్పేవారు ఎక్కువగా వెనిగర్‌ను తలచుకుంటారు. లెక్క వేసి చూస్తే అసలు శ్రమ పెరుగుదని తెలుస్తుంది. పన్నెండు కప్‌కేకులకు 150 గ్రాముల మైదా, 150 గ్రాముల చక్కెర, 10 గ్రాముల కోకో పొడి, 80 మిల్లీలీటర్ల నూనె, 200 గ్రాముల పుల్లని పెరుగు, రెండు టీస్పూన్ల వెనిగర్, అర టీస్పూను వంటసోడా తీసుకుందాం. పెరుగులో లాక్టిక్ ఆమ్లం 0.9 శాతం ఉందనుకుంటే 200 గ్రాములలో 1.8 గ్రాముల ఆమ్లం ఉంటుంది. అది సుమారు 1.7 గ్రాముల సోడాతో చర్య జరపగలదు. నాలుగు శాతం ఎసిటిక్ ఆమ్లం ఉన్న వెనిగర్ రెండు టీస్పూన్లు వేసినా అర గ్రాముకు కొద్దిగా మించి మాత్రమే సోడాను వాడుకోగలదు. రెండూ కలిపి వాడుకునే సోడా రెండు గ్రాములకు పైమాట, అంటే దాదాపు అర టీస్పూను. దాని నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ గది ఉష్ణోగ్రత వద్ద అర లీటరుకు మించి ఉంటుంది. అందులో కొంత పిండిలో నిలవకుండా పైకి పోయినా, మిగిలినది కేకును పొంగించడానికి చాలు.

ఇడ్లీ పిండిలో సూక్ష్మజీవులు రాత్రంతా నెమ్మదిగా చేసే పని ఇక్కడ తడి, పొడి పదార్థాలు కలిసిన క్షణంలోనే మొదలవుతుంది కాబట్టి, పిండిని గిన్నెలో ఉంచి ఓవెన్ వేడెక్కే వరకు ఎదురుచూడకూడదు. ఓవెన్ ముందుగానే 175 డిగ్రీల సెల్సియస్‌కు చేరి ఉండాలి. ఓవెన్ లేనివారు అడుగు మందంగా ఉన్న కుక్కర్‌లో ఉప్పు పరిచి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, అది బాగా వేడెక్కాక వాడుకోవచ్చు. అమెరికా వంటల్లో బటర్‌మిల్క్ అని కనిపించేది భోజనంలో తాగే మన పల్చని మజ్జిగ కాదు. తోడుపెట్టి చిక్కబరచిన పాలు. మజ్జిగ పోస్తే నీరు ఎక్కువై ఆమ్లం తక్కువ పడుతుంది. ఆ స్థానంలో పుల్లని పెరుగే వాడాలి, తిరుపతి ఎండల్లో అది పుల్లబడటానికి ఎక్కువసేపు పట్టదు.

సోడా ఎక్కువైనా నష్టమే. ఆమ్లంతో కలవకుండా మిగిలినది వేడికి సోడియం కార్బొనేట్‌గా మారి, నాలుకకు సబ్బు రుచిని తగిలిస్తుంది, కోకో రంగును ముదురు చేస్తుంది. కోకోలో ఆంథోసయానిన్లనే రంగుపదార్థాలు ఉంటాయి, ఆమ్లంలో ఎరుపు వైపు, క్షారంలో నీలం వైపు మారడం వాటి స్వభావం. అయితే గింజలను పులియబెట్టి వేయించేటప్పుడు చాలా వరకు నశించడం వల్ల కేకులో కనిపించేది ఎర్రటి ఛాయ గల గోధుమరంగు మాత్రమే. డచ్చి పద్ధతిలో క్షారంతో శుద్ధిచేసిన కోకోలో ఆ రంగుపదార్థాలు ఇంకా తగ్గిపోతాయి. ఆమ్లత్వం తగ్గినందువల్ల అది సోడాతో చర్యకూ సాయపడదు. 1828లో కోకో గింజల నుంచి కొవ్వును పిండితీసే యంత్రానికి పేటెంట్ పొందిన వాన్ హూటెన్ కుటుంబానికే ఈ క్షార పద్ధతి ఖ్యాతి కూడా దక్కింది. ఈ కేకుకు మాత్రం శుద్ధిచేయని సహజ కోకోనే తీసుకోవాలి.

మరి బేకరీలో కనిపించే గాఢమైన ఎరుపు? అది కృత్రిమ రంగు. భారతీయ ఆహార నిబంధనలు అనుమతించిన ఎరుపు రంగులు మూడు: పొన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్. అంతిమ ఆహారంలో కిలోకు 100 మిల్లీగ్రాములకు మించకూడదన్నది సాధారణ పరిమితి. మన పిండి మొత్తం సుమారు 600 గ్రాములు, అంటే దానికి 60 మిల్లీగ్రాములే హద్దు. చిటికెడు అనే కొలత అక్కడ నమ్మదగినది కాదు. నా మొగ్గు బీట్‌రూట్ వైపు. అందులోని బెటానిన్ ఆమ్లంలో నిలకడగా ఉంటుంది, క్షారం తగిలినా ఎక్కువసేపు వేడి తగిలినా పసుపు, గోధుమ ఛాయలకు మారుతుంది. కప్‌కేకు చిన్నది కావడం ఇక్కడ మేలు చేస్తుంది: పెద్ద కేకుకు అరగంట దాటే చోట దీనికి 18 నుంచి 20 నిమిషాలు చాలు, లోపలి భాగం నీటి మరుగు ఉష్ణోగ్రతను దాటదు. తురిమిన బీట్‌రూట్ రసాన్ని పెరుగులో కలిపి ఉంచితే రంగు ఎక్కువగా నిలుస్తుంది, అయినా బేకరీ ఎరుపు మాత్రం రాదు. గులాబీ ఛాయ గల ఆ గోధుమరంగు నాకు అంతకన్నా అందంగానే కనిపిస్తుంది.

మఖమలు వంటి మెత్తదనానికి ఆమ్లం మరో విధంగానూ సాయపడుతుంది: గ్లూటెన్ బిగుసుకోకుండా అడ్డుకుంటుంది. చక్కెర, నూనె కూడా అదే చేస్తాయి. మైదాలో రెండు టేబుల్‌స్పూన్లు తీసి కార్న్‌ఫ్లోర్ వేస్తే ప్రొటీన్ ఇంకా తగ్గుతుంది. పిండి పొడిగా కనిపించడం ఆగిన మరుక్షణం కలపడం ఆపాలి.

పైపూతకు తిరుపతి వేసవి పెద్ద పరీక్ష. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, మేలో ఇక్కడ బయటి వేడి 40 దాటుతుంది. పాలు, మైదా కలిపి ఉడికించి చల్లార్చి వెన్నలో గిలకొట్టే పాతకాలపు అమెరికన్ పైపూతలో పిండిపదార్థం నీటిని పట్టి ఉంచుతుంది కానీ, వెన్న కరిగే ఉష్ణోగ్రతను మార్చలేదు. పలుచని గుడ్డలో మూటకట్టి నీరు వార్చిన పెరుగుతో పుల్లని పైపూత చేసినా చల్లదనం తప్పదు. కనుక కప్‌కేకులు పూర్తిగా చల్లారిన తర్వాత, పైపూత వేసి, పంచే వరకు ఫ్రిజ్‌లో ఉంచాలి. వెన్నతో చేసిన కేకు ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది, నూనెతో చేసినది చల్లదనంలోనూ మెత్తగానే ఉంటుంది.