గడప దగ్గర ఆగిన కాలు

నరసన్నపేట దగ్గర పల్లెలో మా తాతయ్య తప్పెటగుళ్ల ఆటగాడు. గుండెల మీద రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, వాయిస్తూనే గాల్లోకి ఎగిరేవాడట. నాకు ఊహ తెలిసేసరికే ఆయనకు పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బు వచ్చేసింది. వసారాలో బాగానే నడిచేవాడు, గడప దగ్గరకు రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయేవి. "ఏటండీ, నిలబడిపోనారు?" అనేది మామ్మ. "ఎత్తాలనే ఉందే, లేవట్లేదు" అనేవాడు. కాలిలో బలం లేక కాదు, చిక్కు మెదడులో. మంచం మీద కూర్చుంటే అదే కాలు చక్కగా ఆడేది.

మనిషి మెదడులోని విద్యుత్ అలలను 1924లో మొదటిసారి నమోదు చేసింది జర్మనీ డాక్టర్ హన్స్ బెర్గర్. కాళ్లూ చేతులూ ఆడించే మెదడు భాగంలో, మనం కదలకుండా ఉన్నప్పుడు, సెకనుకు సుమారు 13 నుంచి 30 సార్లు లేచిపడే అల ఒకటుంది. దాన్ని బీటా లయ అంటారు. కదలడానికి సిద్ధపడుతుంటే, కండరం ఇంకా కదలకముందే, అది సన్నగిల్లుతుంది. పని అయ్యాక మళ్లీ పుంజుకుంటుంది.

ఒక్కో న్యూరాన్ (మెదడులోని నాడీకణం) దగ్గరకు వెళ్లి చూస్తే ఇంకా ఆశ్చర్యం. ప్రయోగంలో చెయ్యి ఎటు చాపాలో కోతికి ముందే చూపించి, సైగ ఇచ్చేదాకా ఆగమని నేర్పిస్తారు. చెయ్యి కదలదు. కానీ న్యూరాన్లు అప్పటికే పని మొదలుపెట్టేస్తాయి, కుడివైపుకు ఒక తీరు, ఎడమవైపుకు ఇంకో తీరు. మరి చెయ్యి ఎందుకు లేవదు? కొన్ని న్యూరాన్లు జోరు పెంచితే కొన్ని తగ్గిస్తాయి, కండరాలకు చేరే సంకేతాల మొత్తం మాత్రం మారదు. కావిడికి రెండు వైపులా బరువు సమానంగా పెంచితే బద్ద ఒరగదు చూడండి, అలాగ. 2014లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించిన సంగతి ఇది. ఊరికే నిలబడ్డాడనుకునే మనిషి తలలో ఇంత సన్నాహం జరుగుతూ ఉంటుంది.

పార్కిన్సన్స్‌లో, కదలికలకు తోడ్పడే డోపమైన్ అనే మెదడు రసాయనం తగ్గిపోతుంది. మెదడు లోతుల్లోని కేంద్రాలలో బీటా లయ మోతాదు మించి పెరిగి, సడలాల్సిన వేళకు సరిగా సడలదు. డోపమైన్ లోటు తీర్చే లెవోడోపా మాత్ర వేసినా, లోపల తీగ అమర్చి సన్నని కరెంటు ఇచ్చినా ఆ లయ తగ్గుతుంది, దానితోపాటు ఒళ్లు బిగుసుకుపోవడమూ తగ్గుతుంది. కాళ్లు ఆగిపోవడానికి మాత్రం అదొక్కటే కారణం కాదు. ఇరుకు గుమ్మం, తొందర, టెన్షన్ కూడా తోడవుతాయి.

అయితే లోపల నుంచి మొదలవని అడుగు, బయట నుంచి ఆసరా దొరికితే మొదలవుతుంది. నేల మీద గీతలు కనిపించినా, తాళం వినిపించినా చాలామంది రోగులకు నడక సులువవుతుంది. మామ్మకు ఇవేవీ తెలియవు. ఒకరోజు ఆయన ముగ్గు గీత దాటడానికి కాలెత్తడం చూసింది. మర్నాటి నుంచి గడప ముందు పిండితో మూడు అడ్డగీతలు గీసేది. తర్వాత చిన్నాన్న అటక మీది తప్పెట దించి, మెల్లగా వాయించడం మొదలుపెట్టాడు. దెబ్బకో అడుగు చొప్పున గీతలు దాటి, గడప దాటి, తాతయ్య వీధరుగు దాకా వెళ్లి కూర్చున్నాడు. "కొంచెం జోరుగా కొట్టరా" అన్నాడు.